సంతాన దీక్షకు వాయిదా బిళ్ళ

మందుల వ్యాపారం పంచాంగాన్ని బట్టి నడుస్తుందన్న సంగతిని వైద్యశాస్త్రం ఇంకా గుర్తించలేదు గానీ, విజయవాడ వన్ టౌన్‌లో పాండురంగయ్య గారు గుర్తించి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఉగాదినాడు లోకమంతా రాశిఫలాలు చూసుకుంటుంటే ఆయన ముహూర్తాలు చూసుకుంటారు. మాఘంలో పెళ్ళిళ్ళు ఎలా ఉన్నాయి, వైశాఖంలో గృహప్రవేశాలు ఎలా ఉన్నాయి, శ్రావణ శుక్రవారాలు ఎప్పుడొచ్చాయి అని చూసుకుని, దానికి తగ్గట్టు బిళ్ళలకు ఆర్డరు పెడతారు. జలుబు మందుకు చలికాలం ఎలాగో, ఆడవాళ్ళ నెలసరిని వెనక్కి నెట్టే బిళ్ళకు శ్రావణమాసం అలాగ. లక్ష్మీదేవి ఫలానా రోజున వస్తుందని పురోహితులు చెబుతారు. ఆ రోజుకు ఇంట్లో ఆడవాళ్ళు 'బయట' లేకుండా చూసే బాధ్యత మాత్రం పాండురంగయ్య గారిది.

ఆయన కొట్లో కవర్లు రెండు రకాలు. నెలసరిని వెనక్కి నెట్టే బిళ్ళను ఆయన వాయిదా బిళ్ళ అంటారు. దాన్ని తెల్లకాగితం కవరులో పెట్టి, "పూజ బాగా జరగాలమ్మా" అని దీవించి ఇస్తారు. పిల్లలు పుట్టకుండా వాడే బిళ్ళనైతే పాత పేపరులో చుట్టి, నల్లకవరులో వేసి, ముడి బిగించి, కొన్నవాళ్ళ ముఖం చూడకుండా బల్ల మీద జరుపుతారు. రెండూ హార్మోన్ల సరుకే, రెండూ ఒకే అరలో పక్కపక్కనే ఉంటాయి. అరలో ఉన్నంతసేపు వాటికి పాపపుణ్యాలు లేవు. కవరులో పడ్డాకే ఒకటి భక్తి, ఇంకోటి బరితెగింపు అవుతాయి. ఇంత సూక్ష్మం తెలియకుండా ఎంతమంది డాక్టర్లు పట్టాలు పుచ్చుకున్నారో తలుచుకుంటే పాండురంగయ్య గారికి జాలివేసేది.

ఈ జ్ఞానాన్ని గుర్తించే కాలనీ సంక్షేమ సంఘంవారు మహిళా దినోత్సవానికి ఆయన్ని వక్తగా పిలిచారు. నిజానికి పిలిచింది లేడీ డాక్టరుని. ఆవిడకు ఆ పూట కాన్పు కేసు తగలడంతో, విషయం మార్చకుండా మనిషిని మార్చారు. విషయం 'గర్భనిరోధక మాత్రలు, మహిళలకు లాభనష్టాలు'. పాండురంగయ్య గారు కండువా సర్దుకుని లేచారు.

"సోదరీమణులారా! లాభాలు చెప్పమన్నారు కాబట్టి ముందు లాభాలు చెబుతాను. లేవు. ఇక నష్టాలు. మన సంస్కృతికి నష్టం, వంశానికి నష్టం, అత్తమామల మాటకు నష్టం. మా నాన్న పెడనలో మగ్గం నేసేవాడు. మా అమ్మ తొమ్మిదిమందిని కన్నది. ఒక్క బిళ్ళ మింగిందా? మింగలేదు. తొమ్మిదో కాన్పులో పోయింది, అది వేరే విషయం. ఆనాటి ఆరోగ్యం ఈనాడు ఎక్కడుందమ్మా?"

చప్పట్లు మారుమోగాయి. కొట్టినవాళ్ళలో సగంమంది నల్లకవరు ఖాతాదారులే. ఆయనకు అందరూ తెలుసు, వాళ్ళకు ఆయన తెలుసు, ఎవరూ ఎవరినీ ఎరగనట్టు కూర్చున్నారు. సభామర్యాద అంటే అదే. కార్యక్రమం చివర్లో ఆయనకు శాలువా కప్పి, మహిళలకు తలా ఒక స్టీలు గిన్నె ఇచ్చారు.

ఇంతటి పెద్దమనిషి ఇంట్లోనే ఒక లోటు వచ్చిపడింది. కొడుకు ధనుంజయ్‌కి పెళ్ళయి ఏడాది దాటినా మనవడి జాడ లేదు. ధనుంజయ్ గుడివాడలో బ్యాంకు ఉద్యోగి, నోట్లో నాలుక లేని మనిషి. కోడలు సాయిశ్రీ ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో అసిస్టెంట్ ఇంజనీరు. సగం ఊరికి దీపాలు వెలిగించే ఉద్యోగం చేస్తూ ఇంట్లో దీపం పెట్టలేకపోతోందని చుట్టాలు అనడం మొదలుపెట్టారు. ఎవరింటికి పేరంటానికి వెళ్ళినా "విశేషం ఏమన్నా ఉందా?" అనే ప్రశ్న తాంబూలం కన్నా ముందే వచ్చేది. పాండురంగయ్య గారి భార్య వెంకటరావమ్మ గారికి ఆ ప్రశ్న విని విని, శనగలు చేతిలో పడుతుంటేనే గుండె దడ పట్టుకుంది.

ఆవిడ పురోహితులు శాస్త్రిగారిని పిలిపించారు. ఆయన జాతకాలు చూసి సంతాన దీక్ష చెప్పారు. నలభై రోజులు అఖండంగా, ఒక్క పూట తప్పకుండా పీట మీద కూర్చుని పూజ జరగాలి. మధ్యలో ఆగితే మళ్ళీ మొదటి నుంచి. పీట మీద ఎవరు కూర్చోవాలన్నది ఆయన చెప్పలేదు, వీళ్ళు అడగలేదు. అది అడగవలసిన ప్రశ్నా? మన ఇళ్ళలో పీట వాల్చగానే కోడలు కూర్చుంటుంది, నీళ్ళు పల్లానికి పోవడం ఎంత సహజమో అదీ అంతే.

కానీ నలభై రోజుల్లో ఆడమనిషి శరీరం తన పని తాను చేసుకుపోతుంది గదా. మొదటిసారి దీక్ష సగంలో తెగింది. రెండోసారీ తెగింది. మూడోసారికి వెంకటరావమ్మ గారు భర్త ముందు నిలబడ్డారు.

"ఏవండీ, ఊళ్ళోవాళ్ళ పూజలన్నీ మీరే నడిపిస్తారు. మన ఇంట్లో పూజ మాత్రం రెండుసార్లు మొదటికొచ్చింది. కొట్టు నిండా బిళ్ళలు పెట్టుకుని ఇదేం ఖర్మండీ?"

పాండురంగయ్య గారి పౌరుషం పొంగింది. తీరా కొట్టుకు వెళ్ళి చూస్తే, శ్రావణమాసం కదా, వాయిదా బిళ్ళలన్నీ ఊళ్ళోవాళ్ళకే అమ్ముడైపోయాయి, ఒక్కటి మిగల్లేదు. తన దూరదృష్టికి తనే బలైపోయారు. అయితే అనుభవం ఊరికే పోదు. వాయిదా బిళ్ళలు లేనప్పుడు పక్క బిళ్ళ ఎలా వాడాలో ఆయనకు కొట్టినపిండి. గర్భనిరోధక మాత్రల అట్ట తీసి, చివరి వరసలో ఉండే ఉత్తుత్తి బిళ్ళల్ని కత్తెరతో కత్తిరించేసి, అసలు బిళ్ళలు విరామం లేకుండా మింగిస్తే నెలసరి రానే రాదు. అలాగే చేశారు. కత్తిరించిన అట్టలను తెల్లకవరులో పెట్టారు. నల్లకవరు నుంచి తెల్లకవరుకు మారగానే బిళ్ళ స్వభావం కూడా మారిపోయిందని ఆయన మనస్ఫూర్తిగా నమ్మారు. ముప్ఫై ఏళ్ళు కవర్లను చూసినవాడికి లోపల ఏముందో చూసే అలవాటు పోతుంది.

ఆ విధంగా మనవడి కోసం దీక్ష, ఆ దీక్ష కోసం మనవడు పుట్టకుండా చేసే బిళ్ళ, ఒకే పళ్ళెంలో, పసుపు కుంకుమలతో సహా, కోడలి చేతికి అందాయి. మొదటి రోజు సాయిశ్రీ ఆ అట్టను అటూ ఇటూ తిప్పి చూసింది. కత్తెర పడిన చోట వేలు పెట్టి తడిమింది.

"ఇదేం బిళ్ళ మావయ్యగారూ?"

"మంచి బిళ్ళేనమ్మా. దేవుడి పని మీద వేసుకునేది. నీళ్ళతో వద్దు, తీర్థంతో వేసుకో."

ఆమె తీర్థంతో వేసుకుంది. ఎంత విధేయురాలో అని పాండురంగయ్య గారి కళ్ళు చెమర్చాయి.

దీక్ష దిగ్విజయంగా పూర్తయింది. ఫలితం మాత్రం కనిపించలేదు. ఇలాంటివాటికి మూడు మండలాలు వరసగా చేయాలన్నారు శాస్త్రిగారు. చేశారు. అంతలో కార్తీకం వచ్చింది, కార్తీకంలో ఆపితే ఎలా? తర్వాత ధనుర్మాసం. తర్వాత మాఘ ఆదివారాలు. బిళ్ళ ఆపుదామని పాండురంగయ్య గారు అనుకోకపోలేదు, కానీ దేవుళ్ళ మధ్య ఖాళీ దొరకలేదు. ఎన్ని పూజలు చేసినా మనవడు రాలేదు, మనవడు రాలేదని ఇంకా పూజలు చేశారు, పూజ చేసిన ప్రతిరోజూ కోడలు బిళ్ళ మింగింది. ఫలితం కోసం ఇంతమంది ఇంత ఏకాగ్రతతో ఫలితానికి అడ్డంపడిన ఉదంతం కృష్ణా డెల్టా చరిత్రలో ఇంకోటి ఉండదు.

అయితే కీర్తి మాత్రం వచ్చింది. పాండురంగయ్య గారి కోడలు నెలల తరబడి ఒక్క రోజైనా బయట కూర్చోలేదన్న వార్త పేరంటాళ్ళలో పాకింది. "ఎంత పుణ్యాత్మురాలో!" అన్నారు. బంధువులు తమ కోడళ్ళను వెంటబెట్టుకొచ్చి చూపించారు. వెంకటరావమ్మ గారు సాయిశ్రీ చేత అందరికీ బొట్టు పెట్టించారు. పుణ్యం పెరిగేకొద్దీ "పాపం, అంత భక్తురాలికి కడుపు పండలేదేంటో, ఏ జన్మ పాపమో" అనే జాలి కూడా జతగా పెరిగింది. పుణ్యమూ పాపమూ రెండూ ఆ పిల్ల నెత్తినే వేశారు. అట్ట కత్తిరించిన కత్తెరను ఎవరూ ఏమీ అనలేదు.

ఆ పొగడ్తల మధ్యే సాయిశ్రీకి తలనొప్పులు మొదలయ్యాయి. మామూలు తలనొప్పులు కావు. ముందు కళ్ళ ముందు మిరుమిట్లు గొలిపే వంకర గీతలు, తర్వాత తల పగిలిపోయే పోటు. అందరి కళ్ళూ పడ్డాయని వెంకటరావమ్మ గారు ఎండుమిరపకాయలు దిగదుడిచారు. పాండురంగయ్య గారు నొప్పి తగ్గే మాత్ర ఇచ్చారు. బిళ్ళకు బిళ్ళతోనే సమాధానం చెప్పడం ఆయన వైద్యవిధానం. ధనుంజయ్ దిష్టికి ఒకసారి తలాడించాడు, బిళ్ళకు ఒకసారి తలాడించాడు.

ఒకరోజు డ్యూటీలో ఉండగా కంట్రోల్ రూమ్ ప్యానెల్ మీద దీపాలు సగమే కనిపించాయి సాయిశ్రీకి. మిగతా సగం లేవు. దీపాలు ఆరిపోయాయేమోనని పక్కనున్న ఆపరేటర్‌ని అడిగింది. అన్నీ వెలుగుతూనే ఉన్నాయన్నాడతను. అంతలో కుడిచేతికి తిమ్మిరెక్కి, చేతిలో పెన్ను జారిపోయింది. సహోద్యోగులు కారులో కూర్చోబెట్టి తీసుకొచ్చారు. గుమ్మంలో కారు దిగుతున్న కోడలు గోడ కోసం చేత్తో వెతుక్కుంటుంటే చూసిన పాండురంగయ్య గారికి మొదటిసారి భయం వేసింది. ధనుంజయ్‌కి కబురు పెట్టి, భార్యతో కలిసి కోడల్ని అదే కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళారు.

డాక్టర్ రామతులసి గారు ఆరోజు మహిళా దినోత్సవానికి రాలేకపోయిన డాక్టరే. సాయిశ్రీ చేతికి పట్టీ చుట్టి బీపీ చూశారు. ముఖం చిట్లించి మళ్ళీ చూశారు.

"ఏం మందులు వాడుతున్నావమ్మా?"

"మావయ్యగారిని అడగండి మేడమ్. ఆయనే ఇస్తారు."

పాండురంగయ్య గారు గొంతు సవరించుకున్నారు. సంతాన దీక్ష, అఖండం, మూడు మండలాలు, కార్తీకం, ధనుర్మాసం, ఒక్క రోజు కూడా తప్పని నిష్ఠ, అన్నీ వివరించి, కత్తిరించిన అట్టను బల్ల మీద పెట్టారు. డాక్టరు దాన్ని చేతిలోకి తీసుకుని చూశారు.

"పాండురంగయ్యగారూ, ఇది దేనికి వాడతారండీ?"

"పూజలకండీ."

"దీని పెట్టె మీద ఏమని రాసుంటుంది?"

ఆయన అట్టను తీసుకుని వెనక్కి తిప్పారు. అప్పుడు కవరు లేకుండా, పేపరు లేకుండా, ఆ బిళ్ళ ఆయన కళ్ళకు ఉన్నదున్నట్టు కనిపించింది. మనవడికి పేరు కూడా ఆలోచించి పెట్టుకున్నారాయన. ఆ మనవడు గుమ్మం దాకా వచ్చినా లోపలికి రాకుండా నెలల తరబడి తన చేత్తోనే గొళ్ళెం వేస్తున్నారు. ఇంత తెలివిగలవాడు వన్ టౌన్‌లో ఇంకొకడున్నాడా అని తనను తానే ప్రశ్నించుకున్నారు. లేడని జవాబు వచ్చింది.

"ఈ మాత్ర చెడ్డదని నేననట్లేదు" అన్నారు డాక్టరు. "పిల్లలు ఎప్పుడు కావాలో ఆడపిల్ల చేతిలో ఉంచుతుంది. నెలసరి సరిగ్గా లేనివాళ్ళకి, నొప్పితో విలవిల్లాడేవాళ్ళకి చాలా మేలు చేస్తుంది. కానీ బీపీ ఉన్నవాళ్ళకి, కళ్ళ ముందు మెరుపులొచ్చి తలనొప్పి వచ్చేవాళ్ళకి ఈ రకం ఇవ్వకూడదు. రక్తం గడ్డకట్టి పక్షవాతం దాకా పోవచ్చు. ఇచ్చేముందు అడగాల్సినవి నాలుగు మాటలండీ. బీపీ చూడ్డానికి పట్టేది నిమిషం. చెయ్యి తిమ్మిరెక్కింది కాబట్టి ఇప్పుడే స్కానింగ్ చేయిస్తున్నాను. బిళ్ళ ఈ క్షణం నించీ బంద్."

తర్వాత ఆవిడ సాయిశ్రీ వైపు తిరిగి ఒక ప్రశ్న అడిగారు. జాతకాలు, పంచాంగం, పేరంటాళ్ళు, చుట్టాలు, ఎవరికీ తట్టని ప్రశ్న.

"అమ్మా, నీకు పిల్లలు ఎప్పుడు కావాలి?"

"ఇంకో రెండేళ్ళు ఆగితే బావుంటుందండీ. ప్రమోషన్ పరీక్షలున్నాయి."

వెంకటరావమ్మ గారు కుర్చీ చేతులు పట్టుకున్నారు. "మరి ఆ ముక్క నోరు తెరిచి చెప్పొచ్చుగా సాయీ!"

"పెళ్ళయిన కొత్తలో చెప్పాను అత్తయ్యగారూ. అలాంటి మాటలు అనకూడదన్నారు. తరవాత మీరే పళ్ళెంలో పెట్టి ఇచ్చారు. అది ఏం బిళ్ళో చూడగానే తెలిసింది. నాకు కావాల్సింది దేవుడి పేరు మీద ఇస్తున్నారు గదా అని మింగేశాను. తలనొప్పి దీనివల్లేనేమోనని అనుమానం వచ్చింది. చెబితే ఆపేస్తారని భయపడి ఊరుకున్నాను. నాదీ తప్పేనండీ."

ఆ పిల్ల ఏడవలేదు. ఆమె ఏడ్చి ఉంటే పాండురంగయ్య గారికి కాస్త తేలికయ్యేది. తలనొప్పి ఓర్చుకోవడం మేలా, నోరు తెరిచి అడగడం మేలా అని లెక్క వేసుకుని, తలనొప్పే నయమనిపించే ఇల్లు తమదన్నమాట. ఎందుకో ఆయనకు అమ్మ గుర్తొచ్చింది. తొమ్మిదో కాన్పునాడు మగ్గం పక్కన చాప మీద పడుకుని ఉన్న అమ్మ. అది వేరే విషయం కాదు. ఏనాడూ వేరే విషయం కాదు. దాన్ని వేదికెక్కి, కండువా సర్దుకుని, చప్పట్ల మధ్య చెప్పినవాడు తనే. సిగ్గుతో ఆయన తల వాలిపోయింది.

అదృష్టం బాగుండి స్కానింగ్‌లో ఏమీ లేదు. డాక్టరు సాయిశ్రీకి పడే వేరే పద్ధతులు చెప్పి, చివరగా ధనుంజయ్ వైపు చూశారు. "మగవాళ్ళు వాడేది కూడా ఒకటుంది బాబూ. తలనొప్పి రాదు, బీపీ పెరగదు. మీ నాన్నగారి కొట్లోనే దొరుకుతుంది." ధనుంజయ్ తల పైకెత్తి ఫ్యానుకు ఎన్ని రెక్కలున్నాయో చాలాసేపు చూశాడు.

కోడలికి తలనొప్పులు తగ్గసాగాయి. బండరాయి కదిలినా మన ఆచారం కదలదు కాబట్టి, పూర్తిగా తగ్గడానికి ఆరోగ్య దీక్ష ఒకటి చేయించాలని వెంకటరావమ్మ గారు నిశ్చయించారు. శాస్త్రిగారు వచ్చారు. నలభై రోజులు, అఖండంగా. మాట పూర్తికాకముందే ఆవిడ భర్త వైపు చూశారు. ఆ చూపు బిళ్ళలు పెట్టే డ్రాయరు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. అన్ని నెలల్లో ఎవరూ అడగని ప్రశ్నను పాండురంగయ్య గారు అప్పుడు అడిగారు.

"శాస్త్రిగారూ, పీట మీద ఎవరు కూర్చోవాలండీ?"

"ఇంటి యజమాని కూర్చోవడం ప్రశస్తం. మీరైతే మరీ శ్రేష్ఠం."

"మరి ఇన్ని దీక్షలకీ ఆ మాట చెప్పలేదేంటండీ?"

శాస్త్రిగారు నొచ్చుకున్నారు. "మీరు అడగలేదు గదండీ. ముహూర్తం అడిగారు, సామగ్రి అడిగారు. నేనొచ్చేసరికి అమ్మాయిగారు పీట మీద ఉండేవారు. సరే, మీ ఇంటి ఆచారం కాబోలనుకున్నాను."

అలా పాండురంగయ్య గారు పీట ఎక్కారు. మూడో రోజుకు నడుము పట్టేసింది. వారం తిరిగేసరికి మోకాళ్ళు మొరాయించాయి. లేవాలంటే ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి భార్య భుజానికి. పూజ మధ్యలో కోడలు క్యారేజీ తీసుకుని "వెళ్ళొస్తా మావయ్యగారూ" అని డ్యూటీకి వెళుతుంటే, కదలకూడదు గనక ఆయన కళ్ళతోనే సరేననేవారు. పేరంటాళ్ళు తండోపతండాలుగా వచ్చి చూశారు. కోడలి కోసం పీట ఎక్కిన మామగారని పొగిడారు. సంక్షేమ సంఘంవారు ఇంటికొచ్చి మరీ ఇంకో శాలువా కప్పారు. కోడలు చేసినంతకాలం కడుపు పండలేదన్న జాలి వచ్చింది, తను చేయగానే శాలువా వచ్చింది. ఈ తేడా ఆయనకు ఇప్పుడు కొద్దికొద్దిగా కనిపిస్తోంది. అయినా శాలువా వెనక్కి ఇవ్వలేదు. మనిషి ఒక్కసారిగా మారిపోతాడా?

మళ్ళీ ముహూర్తాల రోజులు వచ్చాయి. కంకిపాడు నుంచి పాత ఖాతాదారు రామకోటేశ్వరరావు గారు కొట్టుకు వచ్చారు. పొలాలున్న మనిషి, ఖద్దరు చొక్కా, చేతిలో సెల్‌ఫోను.

"సంతాన దీక్ష పెట్టుకున్నామండీ, నలభై రోజులు. కోడలికి వాయిదా బిళ్ళలివ్వండి."

మాట మాటకూ పాండురంగయ్య గారికి తన గొంతే వినిపించింది. "అమ్మాయికి తలనొప్పులేమన్నా ఉన్నాయా అండీ? బీపీ చూపించారా?"

"దేవుడి పనికి బీపీ ఏంటండీ బాబూ!"

"పోనీ అమ్మాయిని అడిగారా?"

"ఏమని అడగాలి?" అన్నారాయన. నిజంగానే ఆయనకు అర్థం కాలేదు.

"అయితే ఒక పని చేయండి. పీట మీద మీరే కూర్చోండి. బిళ్ళతో పనుండదు. శాస్త్రం ఒప్పుకుంటుంది, నేను కూర్చున్నాను."

రామకోటేశ్వరరావు గారు రెండడుగులు వెనక్కి వేశారు. "నేనా! నలభై రోజులు నేల మీదా? నా మోకాళ్ళు అరిగిపోయాయన్నాడండీ డాక్టరు. ఈ వయసులో లేనిపోనిది ఒంటి మీదకి తెచ్చుకోమంటారా? ఏదైనా ఆరోగ్యం తరవాతేనండీ."

ఆరోగ్యం మాట వచ్చింది కాబట్టి మోకాళ్ళకు పూసుకునే ఆయింట్‌మెంటు ఒకటి కొనుక్కున్నారు. అక్కడి నుంచి తిన్నగా పక్క మందుల కొట్టుకు వెళ్ళారు. అక్కడ ఏ ప్రశ్నా లేకుండా, "పూజ బాగా జరగాలండీ" అనే దీవెనతో సహా, తెల్లకవరు చేతికి వచ్చింది.

స్కూటరు ఎక్కబోతూ ఏదో గుర్తొచ్చి ఆయన మళ్ళీ పాండురంగయ్య గారి దగ్గరకు వచ్చారు. ఒక చేతిలో తెల్లకవరు. రెండో చేతిలో ఉన్న ఆయింట్‌మెంటు గొట్టాన్ని వెలుతురుకేసి తిప్పి, కళ్ళజోడు పెట్టుకుని, దాని మీది సన్నటి అక్షరాలను చివరిదాకా చదివి, ఆందోళనగా అడిగారు.

"ఇది పూసుకుంటే సైడ్ ఎఫెక్టులేమీ ఉండవు గదండీ?"